నీట దిగుటకు ముందు

గత మాసమున ఈ శీర్షికక్రింద వంటింటి గ్యాసుబండను గూర్చి ముచ్చటించియుంటిమి. బండ యింటికి వచ్చినప్పుడు సీలు చూచుకొనుట, లోపలి రబ్బరు వలయము సరిగా నున్నదో లేదో పరీక్షించుట, బండ పైభాగమున వ్రాసియుండు అక్షరమును సంవత్సరమును చదివి మరల పరీక్ష చేయవలసిన గడువు తెలిసికొనుట మొదలగు విషయములను వివరించితిమి. ఈ మాసమున మరియొక బండను గూర్చి వ్రాయవలసివచ్చినది. అది పొయ్యి వెలిగించునది కాదు. నీటి యడుగున మనుష్యునకు ఊపిరి నిచ్చునది.

బాలాపూరునుండి ఒక సోదరి మాకు వ్రాసిన జాబు దీనికి కారణము. ఆమె కుమార్తె ఉద్యోగము చేయుచున్నది. చెలికత్తెలతో గూడి విశాఖపట్టణము పోయి, ఋషికొండ సముద్రతీరమున స్కూబా డైవింగు చేయవలెనని ఆ చిన్నదాని కోరిక. తల్లి వలదన్నది. తండ్రి, "మీ అమ్మ యెట్లన్న అట్లే" యని తప్పించుకొన్నాడు. కూతురు నాలుగు దినములనుండి సరిగా మాటలాడుట లేదట. తాను చేసినది తగునా తగదా యని ఆ సోదరి మమ్ము అడిగినది. తన భయమునకు కారణమును గూడ వ్రాసినది. ఏటేట బాలాపూరు గణపతి నిమజ్జనమునకై హుస్సేన్‌సాగరమునకు ఊరేగి పోవునప్పుడు గట్టుపొడుగున గజ ఈతగాండ్రను నిలిపియుంచుట ఆమె చిన్ననాటినుండి చూచుచున్నదట. అంత నేర్చినవారు కాచుకొని యుండవలసిన నీటిలోనికి ఈత కూడ సరిగా రాని పిల్లను పంపుట యెట్లని ఆమె ప్రశ్న.

ఈ భయమును మేము పరిహసింపము. అయితే దేనికి భయపడవలెనో తెలిసికొన్నచో భయము ఉపయోగకరమగును. తెలియనిచో ఇంటిలో కలహమునకు మాత్రమే పనికివచ్చును. కావున ముందుగా ఆ పరికరములు ఎట్టివో చూతము.

నీటిలో స్వేచ్ఛగా తిరుగుచు ఊపిరి తీసికొనుటకు తగిన సాధనమును 1943లో ఫ్రాన్సు దేశమున జాక్ కూస్తో అను నావికోద్యోగియు ఎమిలీ గాన్యాఁ అను ఇంజనీరును కలిసి సిద్ధపరచిరి. దానికి మూలము రెగ్యులేటరు. ఈ మాట మన గృహిణులకు క్రొత్తది కాదు. గ్యాసుబండలోని అధిక పీడనమును తగ్గించి పొయ్యికి తగినంతగా పంపునది మన వంటింటి రెగ్యులేటరు. డైవరు వీపున నుండు సిలిండరులోని గాలిని ఊపిరికి తగినంతగా తగ్గించి నోటికి అందించునది ఆ రెగ్యులేటరు. ఆ సిలిండరులో నుండునది ప్రాణవాయువని పెక్కుమంది అనుకొందురు. అది సరికాదు. అందున్నది మనము పీల్చు సాధారణమైన గాలియే. వడగట్టి, తేమ తీసివేసి, గట్టిగా కుక్కి నింపినది. వట్టి ప్రాణవాయువును 6 మీటర్ల లోతు దాటి పీల్చుట అపాయకరము.

12 లీటర్లు పట్టు సిలిండరులో 200 రెట్ల పీడనముతో గాలి నింపినచో సుమారు 2400 లీటర్ల గాలి అందు ఇమిడియుండును. మనుష్యుడు నిమిషమునకు 20 లీటర్లు పీల్చునని లెక్కించినచో గట్టుమీద అది 120 నిమిషములకు వచ్చును. కాని నీటిలో 10 మీటర్లు దిగినచో పీడనము రెట్టింపగును. కావున అదే గాలి 60 నిమిషములకే సరిపోవును. 20 మీటర్లు దిగినచో 40 నిమిషములు మాత్రమే. అందులోను నాలుగవ వంతు అక్కరకు మిగిల్చి పైకి రావలెనని ఆచారము. నెలకు సరిపడు బియ్యమును చుట్టములు వచ్చినప్పుడు పదునైదు దినములకే కొలుచుకొను ఇల్లాలికి ఈ లెక్క అర్థము కాకపోదు. లోతు పెరిగినకొలది గాలి ఖర్చు పెరుగును. పీల్చువాడు కంగారుపడినచో ఇంకను పెరుగును.

ఇక మా ముఖ్యవిషయమునకు వత్తుము. డైవింగు చేయువారు ఎన్నడును ఒంటరిగా దిగరాదు. ఇద్దరిద్దరు జంటగా దిగవలెను. దిగుటకు ముందు ఒకరి పరికరములను మరియొకరు తడిమి చూడవలెను. అనేక దేశములలో నేర్పు పద్ధతిలో ఈ పరీక్షకు ఐదు అంగములు కలవు.

మొదటిది జాకెట్టు. ఇది గాలి నింపుకొని ఊదుకొను చొక్కా. దీనిని నింపినచో మనిషి తేలును, ఖాళీ చేసినచో మునుగును. మీట నొక్కి గాలి ఎక్కుచున్నదా, మరియొక మీట నొక్కి గాలి పోవుచున్నదా, నింపిన గాలి నిలిచియున్నదా యని చూడవలెను.

రెండవది బరువులు. మనిషి మునుగుటకు నడుమునకు సీసపు బిళ్ళలు కట్టుదురు. అవి తగినన్ని ఉన్నవా యనుట ఒక ప్రశ్న. ఆపదలో ఒక్క చేతితో లాగినంతనే ఊడిపడునా యనుట అంతకంటె ముఖ్యమైన ప్రశ్న. బరువుల పట్టీమీద మరియొక పట్టీ చిక్కుకొని యున్నచో అది ఊడిరాదు.

మూడవది కొక్కెములు. సిలిండరును జాకెట్టునకు బిగించు పట్టీ, భుజములపైని, రొమ్ముపైని, నడుముపైని పట్టీలు బిగిసి యున్నవా, ఎవరిది ఎట్లు విప్పవలెనో జతగానికి తెలియునా యని చూడవలెను. అక్కరకు విప్పవలసినవాడు అతడే గదా.

నాలుగవది గాలి. సిలిండరు మీట పూర్తిగా తెరచియుండవలెను. ముల్లు ఎంత చూపుచున్నదో ఇద్దరును చదివి పైకి చెప్పవలెను. గాలికి వాసన యుండరాదు. నూనె వాసన గాని, ఇంజను పొగ వాసన గాని యున్నచో ఆ సిలిండరును అంతటితో విడువవలెను. తన నోటి గొట్టమునే కాక, జతగానికి గాలి అయిపోయినప్పుడు ఇయ్యవలసిన రెండవ నోటి గొట్టమును గూడ నోట పెట్టుకొని పీల్చి చూడవలెను.

ఐదవది తుది చూపు. కంటి మాస్కు, కాళ్ళకు తొడుగు ఫిన్సు, వ్రేలాడు గొట్టములు అన్నియు తమ తమ చోట్ల నున్నవా యని ఆపాదమస్తకము ఒకమారు చూచి, ఇద్దరును సరి యనుకొన్న పిమ్మటనే దిగవలెను.

ఈ ఐదింటికిని పట్టు కాలము రెండు మూడు నిమిషములు మాత్రమే. నాలుగవ అంగమున ఒక చిక్కు కలదు; దానిని ప్రత్యేకముగ చెప్పవలెను. సిలిండరు మీట పూర్తిగా తెరవక కొంచెము మాత్రమే తెరచినచో గట్టుమీద గాలి చక్కగా వచ్చును. ముల్లు నిండుగానే చూపును. పది పదునైదు మీటర్లు దిగిన తరువాత, ఎక్కువ గాలి కావలసినప్పుడు ఆ సన్నని సందునుండి చాలినంత రాదు. సిలిండరు నిండుగా నుండగనే మనిషికి ఊపిరాడదు. దీనిని గట్టుమీదనే పట్టుకొను ఉపాయము అతి సులభము. ముల్లును చూచుచు నోటి గొట్టముతో నాలుగు గట్టి ఊపిరులు తీసికొనవలెను. ముల్లు కదలక నిలిచినచో మీట తెరచియున్నట్లు. ఊపిరి ఊపిరికిని దిగజారుచు లేచుచు ఆడినచో మీట సరిగా తెరువనట్లు. ముల్లు నిండుగా నున్నది గదా యని చూచి ఊరకుండుట పరీక్ష కాదు. పీల్చుచు చూచుటయే పరీక్ష.

ఇంత సులభమైన పనిని నేర్చినవారు మరతురా యని సోదరీమణులు అడుగవచ్చును. నేర్చినవారే మరతురు. డైవర్స్ అలర్ట్ నెట్‌వర్క్ అను సంస్థకు చెందిన పరిశోధకులు 1992 మొదలు 2003 వరకు సంభవించిన 947 డైవింగు మరణములను పరిశీలించిరి. ఆపదకు మొదటి కారణము తెలిసిన సందర్భములలో నూటికి 41 పాళ్ళు గాలి చాలకపోవుటయే యని వారు కనుగొనిరి. సొరచేపలు గాని, తుపానులు గాని కావు. ముల్లును చూచుకొనకపోవుట మొదలగు చిన్న విషయములే పెద్ద యాపదలకు దారితీయుచున్నవి.

బాలాపూరు సోదరీమణులకు ఈ విషయమున దృష్టాంతము తలయెత్తి చూచినంతనే కనబడును. 2008 మార్చిలో శంషాబాదు విమానాశ్రయము పనిచేయనారంభించిన నాటనుండి ఆ ప్రాంతపు ఆకాశమున విమానములు రేయింబవళ్ళు తిరుగుచున్నవి. వానిని నడపువారు వేలకొలది గంటలు ఎగిరినవారే యైనను, బయలుదేరుటకు ముందు పట్టికలోని అంశములను ఒక్కొక్కటిగా చదివి, జవాబు చెప్పి, సరిచూచుకొందురు. ఈ యాచారము ఒక దుర్ఘటననుండి బలపడినది. 1935 అక్టోబరు 30వ తేదీన అమెరికాలోని రైట్ ఫీల్డునందు బోయింగు కంపెనీవారి క్రొత్త విమానమొకటి పైకి లేచిన కొలది క్షణములకే కూలిపోయినది. యంత్రమున లోపము లేదు. నిలిపియుంచినప్పుడు గాలికి ఊగకుండ తోకభాగమునకు వేయు బిగింపును విప్పుట మరచిరి. నడపినవారు ఆ దేశమున మిక్కిలి అనుభవశాలురు. అది మొదలుగా ఆ విమానము నడపువారు జ్ఞాపకమును నమ్ముట మాని, చేయవలసినవన్నియు ఒక కాగితముమీద వ్రాసికొనిరి.

డైవింగు విషయమునను ఇదే నిరూపణమైనది. 2012లో 1043 మంది డైవర్లను పరిశోధకులు రెండు వర్గములుగ చేసిరి. ఒక వర్గమువారికి దిగుటకు ముందు చూచుకొనవలసినవాని పట్టికను వ్రాసి యిచ్చిరి. రెండవ వర్గమువారు తమ అలవాటు ప్రకారము దిగిరి. పట్టిక యున్నవారిలో పెద్ద పొరపాటులు నూటికి 36 పాళ్ళు తక్కువగా కనబడినవి. ఇరువర్గములవారును డైవింగు నేర్చినవారే, భేదము కాగితమొక్కటే.

మన తెలుగుదేశమున నీటి యాపదలకు కొదువ లేదు. 2019 సెప్టెంబరు 15వ తేదీన దేవీపట్నము దగ్గర కచ్చులూరువద్ద గోదావరిలో విహారపు పడవ మునిగి పెక్కుమంది మరణించిన సంగతి ఎవరును మరువలేదు. కాకినాడ వాస్తవ్యుడగు ధర్మాడి సత్యము జట్టువారు ఎంతో శ్రమపడి, విశాఖనుండి వచ్చిన డైవర్ల సాయముతో, అక్టోబరు 22వ తేదీన ఆ పడవను గట్టునకు చేర్చిరి. వరద తగ్గని నదిలో, చేయి కనబడని బురదనీటిలో దిగి త్రాళ్ళు కట్టుట సామాన్యమైన పని కాదు. అట్టి నీటిలో కన్ను పనిచేయదు. దిగకముందు చేతితో తడిమి తెలిసికొన్నదే అక్కరకు వచ్చును. పడవ ప్రయాణము చేయు సోదరీమణులును ఒక్కమాట గుర్తుంచుకొనవలెను. లైఫు జాకెట్టు పడవలో నుండుట వేరు, కొక్కెములు బిగించి ఒంటిమీద నుండుట వేరు.

డైవింగు పురుషుల పని యని తలచువారికి కొరియా దేశపు జేజూ ద్వీపస్త్రీలను చూపవలెను. వారు సిలిండరు లేకుండ, ఊపిరి బిగబట్టి సముద్రపు టడుగునకు పోయి గుల్లలను, నాచును తెచ్చి సంసారములు పోషించుకొన్నవారు. వారి విద్యను 2016లో యునెస్కో మానవజాతి వారసత్వముగ గుర్తించినది. వారును ఒంటరిగా దిగరు. గుంపుగా పోవుదురు, అనుభవముగల పెద్దదాని మాట విందురు, ఒకరినొకరు కనిపెట్టుకొని యుందురు. సిలిండరు లేని చోటను జతను విడువరాదన్న నియమము మారలేదు.

ఇక ప్రయాణమును గూర్చి ఒక హెచ్చరిక. దీనిని పరికరములు అద్దెకిచ్చువారు చెప్పినను తొందరలో వినకపోవుదురు. నీటి యడుగున పీల్చిన గాలిలోని నత్రజని కొంత రక్తమునను కండరములందును కరగి నిలిచియుండును. పైకి వచ్చిన వెంటనే ఎత్తైన చోటికి పోయినచో అది సోడాబుడ్డి మూత తీసినట్లు బుడగలై కీళ్ళనొప్పులకును, ఒక్కొక్కప్పుడు పక్షవాతమువంటి యుపద్రవమునకును కారణమగును. కావున ఒక్కమారు దిగినవారు కనీసము 12 గంటలు, పలుమారులు దిగినవారు కనీసము 18 గంటలు గడచువరకు విమానమెక్కరాదని నిపుణుల నిర్ణయము. మనవారు విశాఖకు పోయినప్పుడు ఉదయము ఋషికొండ, మధ్యాహ్నము అరకు అని పథకము వేసికొందురు. అరకులోయ సముద్రమట్టమునకు సుమారు 900 మీటర్ల ఎత్తున నున్నది. త్రోవలోని ఘాటు అంతకంటెను ఎత్తు. ఆ క్రమమును తారుమారు చేసి, అరకు ముందు చూచి డైవింగు తరువాత పెట్టుకొనుట క్షేమము. తిరుగు ప్రయాణమునకు శంషాబాదు విమానపు టిక్కెట్టు మరునాటి సాయంకాలమునకు కొనవలెను గాని, దిగిన దినమునకే కొనరాదు. అండమానునకు పోవువారికిని ఇదే నియమము.

బాలాపూరు సోదరికి మా జవాబు ఇది. అమ్మాయిని వలదని ఆపుటకంటె ప్రశ్నలతో పంపుట మేలని మా యభిప్రాయము. వలదన్నచో నేడు కాకున్న రేపు చెప్పకుండ పోవుదురు; చెప్పకుండ పోయినవారిని అడుగువారుండరు. ఈ క్రింది ప్రశ్నలు ఒక కాగితముపై వ్రాసి ఆమె చేతికి ఇయ్యవలసినది.

ఆస్తమా, గుండెజబ్బు, చెవిజబ్బు, మూర్ఛ మొదలగునవి యున్నవా? వైద్యపత్రమున దాచక వ్రాసితివా? ఆ దినమున జలుబు గాని, ముక్కుదిబ్బడ గాని యున్నదా? ఉన్నచో దిగరాదు, చెవి కర్ణభేరికి హాని కలుగును.

నిన్ను దింపు శిక్షకునికి ఏ సంస్థ యోగ్యతాపత్రము కలదు? అతడు ఒకేమారు ఎందరిని దింపుచున్నాడు? నీవు ఎంతలోతు పోవుదువు? క్రొత్తవారిని 12 మీటర్లు దాటించరాదని పాడీ యను ప్రసిద్ధ శిక్షణసంస్థ నియమము.

సిలిండరుమీద పరీక్ష తేదీ చూచితివా? ముల్లును నీ కన్నులతో చదివితివా? దానిని చూచుచు నాలుగు ఊపిరులు తీసితివా? బరువుల పట్టీ ఎట్లు విప్పవలెనో నీ చేతితో విప్పి చూచితివా? మొదటిమారు దిగువారికి శిక్షకుడే అన్నియు బిగించును. అయినను చేయుచున్నది ఏమని అడుగుటకు సిగ్గుపడరాదు. అడిగినందుకు విసుగుకొను శిక్షకునితో దిగరాదు.

నీటిలో నున్నంతసేపు ఊపిరి బిగబట్టరాదన్న మొదటి నియమము తెలియునా? లోతున పీల్చిన గాలి పైకి వచ్చుకొలది విస్తరించును. ఊపిరి బిగబట్టి ఒకటి రెండు మీటర్లు పైకి లేచినను ఊపిరితిత్తులు చిరుగవచ్చును. కావున మెల్లగా, ఊపిరి విడుచుచునే పైకి రావలెను.

కడపటి ప్రశ్న అన్నిటికంటె ముఖ్యమైనది. మనసు ఒప్పనిచో, ఏదైన ఒకటి సరిగా లేదనిపించినచో, సొమ్ము చెల్లించి వస్త్రములు ధరించి పడవ అంచున కూర్చున్న పిమ్మట నైనను, "నేను దిగను" అని చెప్పగలవా? చెల్లించిన సొమ్ము పోయినను ఇంటిలో ఎవరును నిన్ను ఒక్కమాట అనరు. ఈ హామీని తల్లి ముందుగనే ఈయవలెను. స్నేహితులు నవ్వుదురనియు, డబ్బు వృథా యగుననియు సంకోచించి దిగువారే గట్టుమీది లోపమును నీటిలోనికి మోసికొనిపోవుదురు.

జతగాడు మన పట్టీలు లాగి చూచినప్పుడు మనపై నమ్మకము లేక చూచుట లేదు. ఊరికి బయలుదేరు భర్తను వాకిట నిలిపి తాళపుచెవులు, టిక్కెట్టు, మందులు ఉన్నవా యని అడుగు ఇల్లాలు ఆయన తెలివిని శంకించుట లేదు గదా. తనది తాను చూచుకొనువాని కన్ను అలవాటుచేత లోపమును దాటిపోవును. పరుల కన్నునకు అది తగులును. కూతురు ఆ కాగితమునందలి ప్రశ్నలకు జవాబులు చెప్పగలిగినచో తల్లి నిశ్చింతగా పంపవచ్చును. చెప్పలేనిచో, జవాబులు తెలిసికొనువరకు ప్రయాణము ఆపుట ఇద్దరికిని సమ్మతమగును.

వచ్చు మాసమున బావులు, చెరువులు గల పల్లెలలో పిల్లలకు ఈత నేర్పు పద్ధతులను గూర్చి వ్రాయుదుము. ఆ విషయమున అనుభవముగల సోదరీమణులు తమ అభిప్రాయములను మాకు తెలుపుదురుగాక.